పెద్దవాళ్లతో పల్లె నడక అంటే ముందు మంచి చెరువును వెతకండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: అమ్మానాన్నలిద్దరికీ అరవై దాటాయి, కొండలెక్కలేరు, రిసార్టులో కూర్చోవడం ఇష్టం లేదు. పొలాలు, చెరువు, కాస్త చెట్ల నీడ ఉన్న చోట నిదానంగా నడవాలి. హైదరాబాదు నుంచి వెళ్లి, అవసరమైతే ఒక రాత్రి ఉండి రావాలి. నేను హనుమకొండలో ఉంటాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఒక చోట కుదురుగా కూర్చోలేని నాన్న మా ఇంట్లోనూ ఉన్నారు కాబట్టి, నాకు తెలిసినంతలో చెబుతాను.

మన దగ్గర నడిచేవాళ్ల కోసమని గుర్తులు పెట్టి ఉంచిన పల్లెదారులు ఉండవు. అందుకే చాలామంది ఫోనులో వెతికి ఏదో జలపాతానికి వెళ్తారు. అక్కడ పెద్దవాళ్లను మెట్ల దగ్గర కూర్చోబెట్టి, తాము పైకెక్కి ఫొటోలు దిగి వస్తారు. నా మాట వింటే దారి కోసం వెతకడం మానేసి, పాత చెరువు ఉన్న ఊరిని వెతకండి. చెరువు ఉందంటే కట్ట ఉంటుంది. కట్ట మీద బండి పోయేంత వెడల్పున చదునైన బాట ఉంటుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కింద ఆయకట్టు పొలాలు. కట్ట మధ్యలో తూము, తూము నుంచి కాలువ, కాలువ వెంట గట్టు, ఆ గట్టు చివర ఊరు. కట్ట కొసన మత్తడి, అంటే కోస్తా వాళ్ల అలుగు. దాని కింద వాగు, వాగు పక్కన తాటిచెట్లో ఈతచెట్లో. ఎవరూ గీయకపోయినా ఇది చక్కని చుట్టుదారి. పైగా తప్పిపోయే భయం లేదు, ఎక్కడి నుంచి చూసినా కట్ట కనిపిస్తూనే ఉంటుంది.

ఓరుగల్లు చుట్టుపక్కల ఇలాంటి చెరువులకు కొదవ లేదు. కాకతీయుల కాలంలో గొలుసుకట్టు పద్ధతిలో తవ్వించారు: పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ అనే ప్రభుత్వ పథకంలో చాలా చెరువులకు పూడిక తీసి కట్టలు బాగు చేశారు. అలా బాగుపడిన కట్టల మీద తుమ్మకంప తక్కువ, నడక సుఖం.

మీకు నేను మొదట చెప్పే చోటు ములుగు జిల్లా పాలంపేట, అంటే రామప్ప. హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. ములుగు దాటాక వెంకటాపురం వైపు తిరగాలి. మ్యాపులో మాత్రం పాలంపేట అనే కొట్టండి. వెంకటాపురం అంటే అదే జిల్లాలో గోదావరి అవతల ఉన్న మరో వెంకటాపురానికి దారి చూపించినా చూపిస్తుంది.

రామప్ప గుడి గురించి మీకు తెలిసే ఉంటుంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది గుడి చూసి, మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలను ఫొటో తీసుకుని, కారెక్కి వెళ్లిపోతారు. చెరువు అక్కడికి కిలోమీటరు దూరంలోనే ఉంది, కానీ ఆ కిలోమీటరు నడిచేవాళ్లు తక్కువ. నాకు అదీ మంచిదే అనిపిస్తుంది.

ఉదయం ఏడింటికల్లా గుడి దగ్గర ఉండేలా చూసుకోండి. గుడి ముందే చూసేస్తే ఎండెక్కుతుంది కాబట్టి, ముందు చెరువుకు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గుడి చూడండి. తారు రోడ్డే, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు. రెండు వైపులా వరి మళ్లు, మధ్య మధ్య తాటిచెట్లు, అక్కడక్కడ చింత, మోదుగ. కట్ట ఎక్కేచోట మాత్రమే కాస్త ఏటవాలు. అడ్డదారి మెట్లో, కాలిబాటో కనిపించినా మోకాళ్లు బాగా లేనివాళ్లను బండ్లు పోయే దారినే ఎక్కించండి. మూడు వైపులా గుట్టలు, నాలుగో వైపు ఈ కట్ట. ఇంత చిన్న కట్టతో అంత నీటిని ఆపారా అని మా నాన్న ప్రతిసారీ ఆశ్చర్యపోతాడు. అసలు గుట్టల మధ్య సందును వెతికి పట్టుకోవడంలోనే ఉంది నాటివాళ్ల తెలివంతా.

కట్ట మీద తొందరపడకండి. తూము దగ్గర ఓ పావుగంట ఆగితే చూడటానికి చాలా ఉంటుంది. పైన నీళ్లు కదలనట్టే ఉంటాయి, కట్టకు ఇవతల దిగితే అవే నీళ్లు చప్పుడు చేస్తూ కాలువలోకి దూకుతుంటాయి. ఆ దూకేచోట చిన్న చేపలు ఎదురీదుతూ గుంపు కడతాయి. వాటి కోసం లకుముకి పిట్ట తూము ఇనుప చక్రం మీద మాటు వేస్తుంది. ఒకసారి మా అమ్మ బట్టలుతికే రాయి మీద కూర్చుని ఆ పిట్ట వేట చూసింది. అది నీళ్లలోకి దూకి, చేపను నోట కరుచుకుని వచ్చి, చక్రానికేసి రెండు సార్లు బాది, తల వైపు నుంచి మింగింది. తోక వైపు నుంచి మింగితే రెక్కలూ పొలుసులూ గొంతుకు అడ్డం పడతాయని అమ్మే చెప్పింది. ఆమె పుట్టింటి చెరువు దగ్గర చిన్నప్పుడే చూసిందట. ఇన్నేళ్లలో ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

వెళ్లడానికి మంచి కాలం నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. నవంబరులో వానాకాలం వరి కోతలు అయిపోయి మళ్లలో కొయ్యకాళ్లు మిగులుతాయి, గొర్రెల మందలు దిగుతాయి. డిసెంబరు చివర నుంచి జనవరిలో యాసంగి నాట్లు. నా ఓటు ఆ రోజులకే. కేజీవీల్స్ అనే ఇనుప చక్రాలు తొడిగిన ట్రాక్టరు మడిని దమ్ము చేస్తూ పోతుంటే దాని వెనకాలే తెల్లకొంగలు వరస కట్టి నడుస్తాయి. చక్రం పెల్లగించిన బురదలో పురుగులుంటాయి మరి. ట్రాక్టరు మలుపు తిరిగితే అవీ తిరుగుతాయి, డ్రైవరు బీడీ ముట్టించుకోవడానికి ఆగితే అవీ ఆగుతాయి. ఫిబ్రవరి దాటితే మోదుగ పూస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది కానీ తొమ్మిదింటికే ఎండ మాడుస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా చెరువులు నిండి అందంగా ఉన్నా గట్లు జారుతాయి. పెద్దవాళ్లతో వద్దు. గట్టి వానలు పడితే దారిలో కటాక్షపురం చెరువు మత్తడి పోసి హైవే మీదికే నీళ్లొస్తాయి, గంటల తరబడి బండ్లు ఆగిపోతాయి.

ఇంకొక సంగతి. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. అటు పోయే జనమంతా ఈ రోడ్డు మీదే. జాతరకు వెళ్లే ఉద్దేశం లేకపోతే ఆ ముందువెనక రోజులు వదిలేయండి.

పొలాల్లోకి దిగేటప్పుడు కొన్ని మర్యాదలు ఉన్నాయి. మట్టి మెత్తి కొత్తగా నున్నగా చేసిన గట్టు మీద కాలు పెట్టవద్దు, రైతు సగం రోజు పని మీ అడుగుల్లో పోతుంది. ఎండిన పాత గట్టు మీద నడవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అయినా మనిషి కనిపిస్తే "ఇటు నుంచి కట్ట దాకా పోవచ్చా అన్నా?" అని ఒక్క మాట అడగండి. అడిగితే దారి చెప్పడమే కాదు, కాలువలో నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎక్కడ బురదగా ఉందో కూడా చెబుతారు. నీరటి, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి, కనిపిస్తే మరీ మంచిది, ఆ చెరువు గురించి ఆయనకు తెలియనిది ఉండదు. ఊరికే నడుస్తున్నామని చెబితే మాత్రం ఎవరూ నమ్మరు. "భూమి కొనడానికి వచ్చారా?" అని తప్పకుండా అడుగుతారు. లేదంటే, "మరి సర్వేనా?" అంటారు. నాన్నకు మోకాళ్లు పట్టకుండా డాక్టరు నడవమన్నాడని చెప్పండి. ఆ జవాబు అందరికీ సమ్మతమే, పైగా మోకాళ్ల నొప్పులకు రెండు మూడు నాటు వైద్యాలు ఉచితంగా దొరుకుతాయి.

కట్ట మీద మైసమ్మ గుడి ఉంటే చెప్పులు విడిచి దగ్గరికి వెళ్లండి, లేదా పక్క నుంచి పోండి. గద్దె మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పవద్దు.

భయపెట్టడానికి కాదు కానీ, ఈ మూడూ గట్టిగా పట్టించుకోండి. మొదటిది కరెంటు. అడవికి దగ్గరి చేలలో అడవిపందుల కోసం కొందరు తీగలకు కరెంటు పెడతారు. చట్టవిరుద్ధమే అయినా జరుగుతోంది, మనుషులూ పోతున్నారు. అందుకని తెల్లవారకముందు, చీకటి పడ్డాక చేలలోకి అడుగు పెట్టవద్దు. పగలైనా తీగ కట్టిన చేనును దాటవద్దు, మోటారు స్టార్టరు డబ్బాలను ముట్టుకోవద్దు. రెండోది బావులు. పాత వ్యవసాయ బావులకు గోడ ఉండదు, చుట్టూ పొదలు పెరిగి అంచు కనిపించదు. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేసే అలవాటు ఉన్నవాళ్లను కనిపెట్టుకుని ఉండండి. మూడోది పాములు. చేతికర్ర ఒకటి ఉంటే గడ్డిలో ముందు తట్టుకుంటూ పోవచ్చు, కట్ట దిగేటప్పుడు ఊతంగానూ పనికొస్తుంది. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేయించండి.

చెట్ల నీడ అన్నారు కాబట్టి అడవి గురించీ ఒక మాట. మీకు కావలసింది చెట్ల నీడే అయితే తాళ్లతోపు, మామిడితోట, వాగు ఒడ్డున నాలుగు మద్దిచెట్లు చాలు. ఇవన్నీ ఊరి చుట్టూనే దొరుకుతాయి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. వాటి లోపల ఇష్టం వచ్చినట్టు తిరగడానికి వీల్లేదు, పెద్దవాళ్లతో తిరగాల్సిన చోట్లూ కావు. అయితే నర్సంపేట దగ్గరి పాకాల చెరువు కట్ట వేరే సంగతి. అదీ గణపతిదేవుడి కాలం నాటిదే. అడవి అంచులోనే ఉన్నా, వాహనం దిగి కట్ట మీద అటూ ఇటూ నడిచి వచ్చేయవచ్చు. రామప్పలో పొలాలు ఎక్కువ, పాకాలలో చెట్లు ఎక్కువ. మీ నాన్నగారు వ్యవసాయం చేసిన మనిషైతే రామప్పకే తీసుకెళ్లండి, మాట్లాడటానికి మనుషులు దొరుకుతారు. లక్నవరం పేరు కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. చెరువు అందమైనదే కానీ వేలాడే వంతెనల దగ్గర సెలవు రోజుల్లో తిరునాళ్ల జనం ఉంటారు. మంగళ, బుధవారాల్లో అయితే ఫరవాలేదు.

ఎంత దూరం నడవాలని అడిగారు. పోనూ రానూ కలిపి మూడు కిలోమీటర్లు దాటించకండి. కాగితం మీద చిన్నదే, కానీ ఆగుతూ, మాట్లాడుతూ నడిస్తే రెండు గంటలు పడుతుంది. కూర్చోవడానికి కల్వర్టు దిమ్మెలు ఉంటాయి, అవి కట్ట పొడవునా ఉండవు కాబట్టి మడత స్టూలు ఒకటి సంచిలో వేసుకోండి. అమ్మగారి కోసం మరుగుదొడ్డి సంగతి ముందే చూసుకోవాలి. గుడి దగ్గర, లేదంటే ములుగులో. కట్ట మీదికి వెళ్లాక ఆ సౌకర్యం ఉండదు. ఈ భయంతోనే మా అమ్మ నీళ్లు తాగడం మానేసేది. ముందే చోటు చూపించాక ఆ ఇబ్బంది తప్పింది.

రెండు వందల కిలోమీటర్లు ప్రయాణం వాళ్లకు ఎక్కువ అనుకుంటే మెదక్ దాటాక ఉన్న పోచారం చూడండి. నిజాం కాలంలో కట్టిన జలాశయం, పక్కనే అభయారణ్యం, కింద వరిపొలాలు. ఉదయం బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, దారిలో మెదక్ చర్చి కూడా చూడవచ్చు. వానలు బాగా పడిన ఏడాది అలుగు దూకుతుంటే చూడటానికి జనం ఎగబడతారు. నీళ్ల జోరు తగ్గి, దసరా సెలవులూ అయిపోయాక వెళితే కారు నిలుపుకోవడానికి నీడలో చోటు దొరుకుతుంది.