సంక్షేమ పథకాల మీద చదువు: ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీఏ (హెచ్‌ఈపీ – చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం) చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది తెలంగాణలోని ఒక మండల కేంద్రం. ప్రజాస్వామ్యానికీ సంక్షేమ పథకాలకీ ఉన్న సంబంధంపై పీజీ చేయాలని ఉంది. ‘అదంతా రాజకీయం. అందులో ఉద్యోగాలెక్కడివి? గ్రూప్-2 కోచింగ్‌లో చేరు’ అంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు?

జవాబు: అదంతా రాజకీయం అని మీ నాన్నగారు అన్న మాట నిజమే. ఆ రాజకీయాన్ని ఓపిగ్గా చదివినవాళ్ల అవసరం ఈ రంగానికి చాలా ఉంది.

మీ ఇంటి రేషన్ కార్డునే తీసుకోండి. 1983 ఎన్నికల్లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం హామీతో జనం ముందుకు వెళ్లి గెలిచారు. పేదవాడి ఆకలి ఓటుగా మారగలదని అన్ని పార్టీలకూ అర్థమైంది. కానీ హామీగా వచ్చింది హామీగానే ఉంటే ఎప్పుడైనా మారుతుంది. 1990లలో ఆ ధర పెరిగింది, 2008లో మళ్లీ రెండు రూపాయలకు దిగింది. 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చాక అర్హత ఉన్న కుటుంబాల్లో నెలకు మనిషికి ఐదు కిలోల ధాన్యం హక్కు అయింది. ఈ మధ్యలో న్యాయస్థానాల పాత్ర కూడా ఉంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. తమిళనాడు ఆ పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే చేసి చూపించింది.

ఓటు పథకాన్ని తెస్తుంది, చట్టం దాన్ని నిలబెడుతుంది. అయినా అది గడప దాకా చేరుతుందన్న నమ్మకం లేదు. మీరు వెతుకుతున్న ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది అక్కడే.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పనుల లెక్కలు అడిగే అధికారాన్ని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. దాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గట్టిగా పట్టుకుంది. కూలీల ఇళ్లలోని చదువుకున్న యువతకే శిక్షణ ఇచ్చి సామాజిక తనిఖీకి పంపింది. వాళ్లు చేసే పని చూస్తే మీకు ఈ రంగం అర్థమవుతుంది. అరుగు మీద కూర్చుని ఒక చేతిలో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ), ఇంకో చేతిలో జాబ్ కార్డు పట్టుకుని, ‘అమ్మా, ఈ వారం చెరువు పనికి ఎన్ని రోజులు వెళ్లావు? చేతికి ఎంత వచ్చింది?’ అని అడుగుతారు. ఊళ్లో లేనివాళ్ల పేరిట కూలి పడిందేమో చూస్తారు. తేలిన విషయాన్ని మండల కేంద్రంలో, అధికారుల సమక్షంలో, అందరి ముందూ చదువుతారు. నా దృష్టిలో ఎన్నికల సభ కంటే ఇదే పెద్ద ప్రజాస్వామ్యం. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం 1990లలో నడిపిన జన సునవాయిలు (బహిరంగ విచారణలు) దీనికి దారి చూపాయి. 2005 సమాచార హక్కు చట్టం వెనక ఉన్నదీ ఆ ఉద్యమమే.

ఒక హెచ్చరిక. కరవు చావులు పత్రికలకెక్కుతాయి కాబట్టి ఎన్నికలకు భయపడే ప్రభుత్వం వెంటనే కదులుతుందని ఆర్థికవేత్త అమర్త్యసేన్ వాదించారు. చంటిపిల్లల పోషకాహార లోపం అలా కంటపడదు. అందుకే ఎన్నికలు నిక్కచ్చిగా జరిగే దేశంలోనూ అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కంటపడని దాన్ని లెక్కగట్టి చూపించడం చదువుకున్నవాళ్ల పని. దానికి గణాంక శాస్త్రం కావాలి. లెక్కలంటే భయం ఉంటే ఇప్పుడే పోగొట్టుకోండి. బడ్జెట్ పత్రం చదవలేనివారికి ఈ రంగంలో ఎదుగుదల కష్టం.

చదువు సంగతికి వస్తే, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎంఏ పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ ఉన్నాయి. ప్రవేశం సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా. ఉస్మానియాలో సోషల్ వర్క్ పీజీకి రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి. హైదరాబాద్‌లోనే టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) క్యాంపస్, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఎంఏ డెవలప్‌మెంట్ నడుపుతోంది. ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ ఇస్తుంది. నోటిఫికేషన్లు, గడువు తేదీలు వాళ్ల వెబ్‌సైట్లలోనే చూసుకోండి.

ఉద్యోగాలు సామాజిక తనిఖీ విభాగాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన కేంద్రాల్లో ఉంటాయి. మొదట్లో చాలావరకు ఒప్పంద ఉద్యోగాలే, జీతం కూడా తక్కువే. ఈ సంగతి నాన్నగారి దగ్గర దాచకండి. ఇంట్లో మీ సంపాదన వెంటనే అవసరమైతే గ్రూప్-2కే ముందు కూర్చోండి. అందులో తప్పేమీ లేదు. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్లో రాజ్యాంగంతో పాటు సామాజిక సమస్యలు, ప్రభుత్వ విధానాలు కూడా ఉన్నాయి. అంటే మీకు ఇష్టమైన పాఠాలే మార్కులూ తెస్తాయి. ఆ సంగతి నాన్నగారికి సిలబస్ కాగితం చూపించి చెప్పండి.

ఫీజు కట్టే ముందు మీ మండలంలో సామాజిక తనిఖీ సభ ఎప్పుడు జరుగుతుందో ఎంపీడీఓ కార్యాలయంలో అడిగి, ఆ రోజంతా అక్కడ కూర్చోండి. వీలైతే నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి.