లైసెన్సు వచ్చిన మొదటి ఏడాది

నాయనా,

లైసెన్సు వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, చాలా సంతోషం. మన దగ్గర పర్మినెంట్ లైసెన్సు చేతికి రాగానే ఎల్ బోర్డు పీకేస్తారు, పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలన్న నిబంధన కూడా పోతుంది, ఇక కారు తోలేటప్పుడు నువ్వూ ముప్పై ఏళ్లుగా తోలుతున్న డ్రైవరూ చట్టం లెక్కలో ఒకటే. ఆస్ట్రేలియాలో మీ అక్క ఉండే విక్టోరియా రాష్ట్రంలో అలా వదలరు. అక్కడ 21 ఏళ్లు నిండకముందే లైసెన్సు తీసుకుంటే ఏడాది పాటు కొత్త డ్రైవరని తెలిపే ఎర్ర పీ బోర్డు, తర్వాత మూడేళ్లు ఆకుపచ్చ బోర్డు పెట్టుకుని తిరగాల్సిందే. ఒంట్లో చుక్క మందు ఉండకూడదు, ఎర్ర బోర్డు ఉన్నన్నాళ్లు తన ఈడు పిల్లల్ని ఒక్కరికి మించి ఎక్కించుకోకూడదు. బ్రిటన్‌లో అయితే మొదటి రెండేళ్లలో, తప్పు చేసినప్పుడల్లా లైసెన్సు మీద వేసే పెనాల్టీ పాయింట్లు ఆరు పడితే లైసెన్సే రద్దు. మనకి ఇలాంటి హద్దులు ఎవరూ పెట్టరు కాబట్టి ఈ ఏడాది నీకు నువ్వే పెట్టుకో.

మైపాడు బీచికి పోదాం రా అని నలుగురు స్నేహితులు ఎక్కుతారు, పాటలు, అరుపులు, ఇంకాస్త తొక్కరా అని వెనక నుంచి ఒకడు. ఆరు నెలలు వాళ్లని ఎక్కించుకోవద్దు, ఏమన్నా అనుకోనీ. ఫోన్ డాష్‌బోర్డులో పడేయి. మందు సంగతి నీకు చెప్పక్కర్లేదు.

హైవే ఎక్కితే లారీకి ఎడమ పక్కన నడవొద్దు. చీమకుర్తి రాళ్ల లోడు చాలా ఏళ్లు తోలినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, మా అద్దంలో నీకు మా మొహం కనపడకపోతే మాకూ నువ్వు కనపడవు. దాటాక వెంటనే ముందుకు దూరి బ్రేక్ వేయొద్దు, అంత బరువుతో ఆ బండి నీ కారు ఆగినంత దూరంలో ఆగదు. యూ టర్న్ దాకా పోవడానికి బద్ధకించి రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు ప్రతి ఊరి దగ్గరా ఉంటాయి, ఊరు రాగానే కాలు బ్రేక్ మీదికి రావాలి.

రాత్రి ప్రయాణం మాత్రం కొన్నాళ్లు పూర్తిగా మానుకో. కోతల రోజుల్లో కోవూరు వైపు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు కదా, సాయంత్రానికి కుప్ప చేసి పట్ట కప్పి, అంచుల్లో రాళ్లు పెట్టి వెళ్తారు. నల్ల పట్ట నీ లైట్లో రోడ్డులాగే కనపడుతుంది, దగ్గరికొచ్చాక గానీ రాయి తెలీదు. చెదిరిన గింజల మీద బ్రేక్ కొడితే టైరు జారుతుంది. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు దీనికి తోడు. ఎదుటివాడు హై బీమ్ వేస్తే ఆ లైటు వంక చూడకు, ఎడమ అంచున తెల్ల గీత చూస్తూ స్పీడు తగ్గించు.

ఇంకొకటి, మీ తమ్ముడు తాళం అడుగుతాడు, వాడికింకా పదహారే. 2019లో చట్టం మార్చాక మైనరు బండి తోలితే తండ్రికో బండి ఓనరుకో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వాడెంత బతిమాలినా ఇవ్వొద్దు, నా పేరు చెప్పు.

ఉగాదికి కావలి వచ్చేటప్పుడు బండి నువ్వే తోలుకురా. తెల్లారాక బయల్దేరు, మీ నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టుకో, దారిలో ఒకసారి ఆపి కాళ్లు చాపుకుని, టీ తాగి రా.

మీ పెదనాన్న