క్షమాపణ మరో ఎపిసోడ్ కాకూడదు

పర్లాకిమిడి సోదరికి,

అభిమాన హీరో పుట్టినరోజుకు అభిమానులంతా ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకునేందుకు తాను చేసిన కామన్ డీపీని మరో అడ్మిన్ పేరుతో విడుదల చేశారని అలిగిన మీ చెల్లెలు, తనకు మెదడులో గడ్డ ఉందని ఫ్యాన్స్ గ్రూపులో రాసిందనీ, సెలైన్ ఎక్కుతున్న మీ నాయనమ్మ చేతి ఫోటోను తనదిగా పెట్టిందనీ, పాతపట్నం నుంచి రాయగడ దాకా సభ్యులు ఫోన్‌పేలో పంపిన 18,000 రూపాయలతో కొత్త ఫోను కొన్నదనీ రాశారు. ఇప్పుడు ఒక సభ్యుడు పరామర్శకు వస్తానంటున్నాడు కనుక, నాన్నగారికి తెలియకముందే అకౌంటు తీసేయించవచ్చా అని అడిగారు.

తీసేయించవద్దు. అకౌంటు మాయమైతే ఆ అమ్మాయి పోయిందనుకుని గ్రూపులో నివాళి పోస్టర్లు వేస్తారు, లేదా ఫోటో అంచున కనిపిస్తున్న పచ్చబొట్టును ఎవరో ఒకరు పట్టుకుంటారు. (ఇరవై ఏళ్ల పిల్ల చేతికి పాతకాలపు పచ్చబొట్టు ఎక్కడిదని ఇంతవరకు ఎవరూ అడగకపోవడమే నాకు వింత.) పైగా అబద్ధం చెప్పి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ప్రకారం మోసం కిందికి వస్తుంది. ఎవరు ఎంత పంపారో ఫోన్‌పే హిస్టరీలోనే ఉంటుంది కాబట్టి, ఫోను అమ్మగా వచ్చినదానికి తక్కువపడింది ఇంట్లో సర్ది, ఎవరి డబ్బు వారికి పంపించండి. అందుకు నాన్నగారికి తెలియక తప్పదు. చెల్లెలిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చెప్పండి.

నాకు అసలు భయం ఆమె చెప్పబోయే క్షమాపణ గురించే. కన్నీళ్లతో ఒక రీల్, తననెవరూ అర్థం చేసుకోలేదంటూ నాలుగు పేజీల పోస్టు పెడితే, ఓదార్చేవారు ఒక వర్గంగా, తిట్టేవారు మరో వర్గంగా చీలి, చివరికి ఆ డీపీ అడ్మినే దోషిగా తేలతాడు. జబ్బు పేరుతో దొరికిన ఆదరణే పశ్చాత్తాపం పేరుతో మళ్లీ దొరుకుతుంది. కాబట్టి జబ్బు లేదని, ఫోటో తనది కాదని, డబ్బు తిరిగి పంపుతున్నానని మూడే వాక్యాలు రాసి, కారణాలేవీ చెప్పకుండా, చెల్లింపులు పూర్తయ్యాక గ్రూపు నుంచి తప్పుకోవాలి. తరువాత వచ్చే స్క్రీన్‌షాట్లను మీరూ ఆమెకు చూపించకండి.

మీ ఒడిశా కాలేజీలో ఆమెను తెలుగమ్మాయిగా వేరుచేసి చూస్తారని, శ్రీకాకుళం చుట్టాలేమో ఆమె మాటల్లోని ఒడియాకు నవ్వుతారని మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను అక్కడే ఎక్కువసేపు ఆగాను. ఆమె ఎడిట్ కోసం అర్ధరాత్రి దాకా ఎదురుచూసిన మనుషులు ఆ గ్రూపులోనే ఉన్నారు. అభిమానాన్ని గానీ ఆ పనితనాన్ని గానీ ఇంట్లో ఎగతాళి చేయవద్దు. ఫోను శాశ్వతంగా లాక్కోవడం కూడా నాకు సమ్మతం కాదు.

ఆన్‌లైన్‌లో లేని జబ్బు చెప్పుకుని ఆదరణ పొందే ధోరణికి 2000లో అమెరికా మానసిక వైద్యుడు మార్క్ ఫెల్డ్‌మన్ 'మంచాసెన్ బై ఇంటర్నెట్' అని పేరు పెట్టారు. మీ ఉత్తరం చూసి ఆ పేరు ఆమెకు తగిలించను. అయితే పరీక్షలప్పుడు కూడా ఇలాగే మూర్ఛ నటించేదన్నారు కనుక, బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఒకసారి చూపించండి. అంతకుముందే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇక పరామర్శకు వస్తానన్న ఆయనకు, బస్సెక్కకముందే, ఈ రోజే ఫోన్ చేయించండి. జబ్బు లేదన్న మాట మీరు కాదు, ఆమే చెప్పాలి.