ఎవరో తలచుకోవడం కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. బీపీ పెరిగి మెదడులో రక్తనాళం చిట్లింది. 17 రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి తీసుకొచ్చాం. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. తరవాణి తేట తాగిస్తే పొలమారుతోంది. మా మేనత్త ‘ఎవరో తలచుకుంటున్నారు’ అంటూ నెత్తిన తట్టి, పడుకోబెట్టే చెంచాతో పోస్తోంది. పావురం రక్తంతో మర్దన చేయిస్తే చెయ్యి వస్తుందని కూడా అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజోలు దగ్గరి పల్లె

జవాబు: అమ్మా, మీ మేనత్తగారి మీద నాకు కోపం లేదు. నర్సుగా చేరిన కొత్తలో నేనూ అంతే. ‘దగ్గడం లేదు కదా’ అని ఒక పెద్దాయనకు ఇడ్లీ పెట్టాను. మూడో రోజుకు నిమ్ము చేసింది. గొంతు స్పర్శ తగ్గినవారికి ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాకపోవచ్చని నాకప్పుడు తెలియదు. మీ నాన్నగారికి పొలమారుతోందంటే కనీసం గొంతు హెచ్చరిస్తోందన్నమాట.

కాబట్టి నోటితో ఇవ్వడం ఆపి, ఇవాళే డాక్టరుకు ఫోను చేసి మింగే పరీక్ష చేయించండి. కొన్నాళ్లు ముక్కు గొట్టం పెడతామంటే బెదిరిపోకండి. పరీక్షలో సరేనన్నాక కూడా పల్చటి తేట కన్నా చిక్కటి జావ మేలు కావచ్చు. ఎంత చిక్కగా ఉండాలో వాళ్లే చెబుతారు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, ఎడమ బుగ్గ వైపు చిన్న చెంచాతో పెట్టండి. తిన్నాక కుడి బుగ్గలో మెతుకులు దాగాయేమో వేలికి గుడ్డ చుట్టి చూడండి. అరగంట వరకు పడుకోబెట్టవద్దు. రెండు పూటలా నోరు శుభ్రం చేయాలి, పళ్లు లేకపోయినా సరే.

ఇది నా చాదస్తం కాదు. 2011లో ప్రచురించిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 19 పక్షవాత విభాగాలను తీసుకున్నారు. కొన్నిచోట్ల నర్సులు జ్వరం, రక్తంలో చక్కెర, మింగడం అనే మూడింటినీ మొదటి మూడు రోజులు నియమం తప్పకుండా చూశారు. మూడు నెలలకు చనిపోయినవారు, పరాధీనులైనవారు కలిపి అక్కడ 42 శాతం, మిగిలినచోట్ల 58 శాతం. కొత్త మందేమీ లేదు!

చెయ్యి సంగతి. లేపేటప్పుడు కుడి రెక్క పట్టి లాగకండి, వదులైన భుజం కీలు జారుతుంది. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉంచండి. పావురాన్ని ఎగరనివ్వండి, దెబ్బ మెదడుకు తగిలింది, చర్మానికి కాదు. ఒక కాలు పిక్క వాచి వేడిగా ఉంటే మాత్రం నూనె మర్దన కూడా వద్దు, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే చూపించాలి.

బీపీ మాత్ర ఒక్కపూట కూడా మానకూడదు, మింగే పరీక్ష అయ్యేదాకా అది ఎలా ఇవ్వాలో ఆ ఫోనులోనే డాక్టరును అడగండి. ఆవకాయ, ఎండుచేపలు పక్కన పెట్టండి. ఉన్నట్టుండి తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే 108కి ఫోను చేయండి. ఇక ఆ తరవాణి తేట, పరీక్ష అయ్యేదాకా మేనత్తగారినే తాగమనండి.