1876-78 నాటి ధాత కరువులో దేశంలో తిండి గింజలే లేకుండా పోయాయా?

లేదు, దేశం మొత్తం మీద చూస్తే గింజలున్నాయి. కరువు ప్రాంతాల జనం దగ్గర కొనడానికి డబ్బు లేదు.

1876లో దక్కన్‌లో వానలు ముఖం చాటేశాయి. మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలతో పాటు మైసూరు, హైదరాబాద్ రాజ్యంలో రాయచూరు వైపు పల్లెలు ఎండిపోయాయి. పంట పోతే రైతుకి నష్టం, అది సరే. కూలివాడికి మాత్రం పని పోయింది, అప్పుడే ధరలు ఆకాశాన్నంటాయి. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది వైస్రాయ్ లిట్టన్ విధానం. అందుకే ఇక్కడ ఆకలి చావులు జరుగుతుంటే ఇంగ్లండ్‌కి గోధుమల ఎగుమతి ఆగలేదు.

కరువు బాధితులకు కూలి ఇచ్చి ప్రభుత్వం చేయించిన సహాయ పనుల సంగతే చూడండి. 1877లో, కరువు పర్యవేక్షణకు లిట్టన్ ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు: రోజంతా మట్టి మోసిన మగవాడికి సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా. పప్పూ కూరా ఆ అణాలోనే! ఒక్క బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే దాదాపు 55 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని ఆధారంగా కరువు నియమావళి వచ్చాయి.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకి చదివేవాళ్లు సైతం పొరబడేది రైళ్ల విషయంలో. రైలుంటే కరువు రాదనుకుంటారు. నిజానికి రైళ్లు గింజల్ని ఎక్కువ ధర పలికే చోటికే మోశాయి, కరువు ఊళ్ల నుంచి బయటికి కూడా. ఇంకొకటి, గుంటూరు డొక్కల కరువు ఇది కాదు. అది 1832-33 నాటిది.