అమెరికాలో అండర్-13 అమ్మాయికి ఏ సాకర్ లీగ్? పెద్ద క్లబ్ రెండో టీమా, దగ్గర క్లబ్ మొదటి టీమా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదండీ. పాప 2013 అక్టోబర్‌లో పుట్టింది, ఇప్పుడు ఆరో తరగతి. చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. ఒకటి ఈసీఎన్ఎల్ (ఎలైట్ క్లబ్స్ నేషనల్ లీగ్, అమ్మాయిల సాకర్‌లో పైమెట్టు లీగుల్లో ఒకటి) ఉన్న పెద్ద క్లబ్‌లో రెండో టీమ్, అంటే ఆడేది దాని కింది మెట్టు ఈసీఎన్ఎల్ రీజనల్ లీగ్‌లో. సాయంత్రం ట్రాఫిక్‌లో యాభై నిమిషాల డ్రైవ్. రెండోది ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న చిన్న క్లబ్‌లో మొదటి టీమ్, ఎన్‌పీఎల్ (నేషనల్ ప్రీమియర్ లీగ్స్)లో ఆడుతుంది. పెద్ద క్లబ్ వాళ్లు 48 గంటల్లో తేల్చమన్నారు. మీకు, మీ వారికి మాట కలవడం లేదు.

నేనైతే ఈ ఏడాదికి దగ్గర క్లబ్‌లోనే చేరుస్తాను. అదీ అక్కడి కోచ్‌ని ఒకసారి చూసి, నచ్చితేనే. మా అమ్మాయి ఇలాగే వచ్చింది. అండర్-14 దాకా ఇంటి దగ్గర క్లబ్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడి, ఆ తర్వాత ఈసీఎన్ఎల్ టీమ్‌కి మారింది. ఇప్పుడు హైస్కూల్‌లో జూనియర్, అంటే పదకొండో తరగతి. మారిన మొదటి ఏడు బెంచ్ మీద చాలాసేపే కూర్చుంది, ఆట వేగం అందుకోవడానికి సీజన్‌లో సగం పట్టింది. కాబట్టి ఆలస్యంగా మారితే ఇబ్బందే లేదని నేను చెప్పను. ఆ ఇబ్బంది పద్నాలుగేళ్ల పిల్ల తట్టుకోగలిగింది, పన్నెండేళ్లకి అదే బెంచ్ అయితే ఆట మీదే విసుగు పుట్టేది.

ముందు ఈ లీగుల పేర్ల గోల కొంచెం. ఈసీఎన్ఎల్ 2009లో అమ్మాయిల కోసమే మొదలైంది, అబ్బాయిలది 2017లో వచ్చింది. అదే 2017లో యూఎస్ సాకర్ ఫెడరేషన్ అమ్మాయిలకి తన సొంత డెవలప్‌మెంట్ అకాడమీ పెట్టింది. అందులో చేరితే హైస్కూల్ టీమ్‌కి ఆడకూడదన్నారు. అప్పట్లో ఆ బ్యాడ్జ్ కోసం క్లబ్బులు మారిన కుటుంబాలు మాకు తెలిసినవాళ్లలోనే ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో ఒక్క ప్రకటనతో ఆ లీగ్ మూతపడింది. అందులోని చాలా క్లబ్బులు కలిసి గర్ల్స్ అకాడమీ అని కొత్తది పెట్టుకున్నాయి, మిగతావి ఈసీఎన్ఎల్‌కి వెళ్లాయి. ఇవాళ అమ్మాయిలకి పైమెట్టు అంటే ఈ రెండే. ఎంఎల్ఎస్ నెక్స్ట్ అనే లీగ్ అబ్బాయిలకి మాత్రమే, మన వాట్సాప్ గ్రూపుల్లో దాన్ని కూడా ఇందులో కలిపేస్తుంటారు. వీటి కింద రీజనల్ లీగ్, ఎన్‌పీఎల్, యూఎస్ యూత్ సాకర్ నేషనల్ లీగ్ వంటివి వస్తాయి. వాటిలో ఏది గట్టిదన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల ఎన్‌పీఎల్‌లో పైవరుస టీమ్‌లు రీజనల్ లీగ్ టీమ్‌లని సునాయాసంగా ఓడిస్తాయి. రెండు టీమ్‌ల పాత స్కోర్లు గాట్‌స్పోర్ట్ లాంటి వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు గానీ ర్యాంకుని పట్టుకుని కూర్చోకండి. గెలిచినా ఓడినా గోల్స్ తేడా ఎంతో చూడండి. ప్రతి వారం ఆరు గోల్స్‌తో గెలిచే టీమ్‌లోనూ, ఆరు గోల్స్‌తో ఓడే టీమ్‌లోనూ పిల్ల నేర్చుకునేది తక్కువ.

అసలు మెలిక ఏంటంటే, "ఈసీఎన్ఎల్ క్లబ్" అన్న పేరు క్లబ్‌ది. మీ పాప ఆడేది అందులో రెండో టీమ్. మన దగ్గర ఇంటర్ కాలేజీల్లో ర్యాంకర్ల సెక్షన్ వేరే ఉన్నట్టే ఇదీ: హోర్డింగ్ మీద ఫొటోలు ఆ సెక్షన్ వాళ్లవి, ఫీజు మాత్రం అందరిదీ. రెండో టీమ్‌లో బాగా ఆడితే మొదటి టీమ్‌లోకి తీసుకుంటామని అంటారు. తీసుకున్న సందర్భాలూ ఉంటాయి. కానీ మొదటి టీమ్‌లో ఖాళీ వస్తే బయటి క్లబ్బుల నుంచి తెచ్చుకోవడమే ఎక్కువసార్లు చూశాను. క్లబ్ డైరెక్టర్‌ని సూటిగా అడగండి: పోయిన రెండేళ్లలో ఈ వయసు గ్రూపులో కింది టీమ్ నుంచి పైకి వెళ్లినవాళ్లు ఎంతమంది? సీజన్ మధ్యలో కింది టీమ్ పిల్లలు పైవాళ్లతో ప్రాక్టీస్ చేస్తారా? రెండు టీమ్‌లకీ ప్రాక్టీస్ ఒకే రోజు, ఒకే గ్రౌండ్‌లోనా? నిజంగా పైకి పంపే క్లబ్ అయితే వెంటనే చెప్పేస్తారు. "అది పాప కష్టాన్ని బట్టి ఉంటుంది" అని నవ్వి ఊరుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఇక మీరు ఒక్క లైన్‌లో తేల్చేసిన డ్రైవ్ సంగతి. నా దృష్టిలో మీ ప్రశ్నలో అన్నిటికంటే బరువైన విషయం అదే. వారానికి మూడు ప్రాక్టీసులు, పోను రాను కలిపి రోజుకి గంటన్నర పైన. ప్రాక్టీస్ ఆరున్నరకి అంటే ఐదున్నరకే బయల్దేరాలి. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ఆఫీస్ కాల్ కార్లోంచే మాట్లాడాలి. పాప అన్నం డబ్బాలో తింటుంది, హోంవర్క్ వెనక సీట్లో చేస్తుంది, ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. చిన్నబాబు ఉన్నాడన్నారు, వాడు కూడా ఈ ప్రయాణాలన్నిటికీ కార్లో రావాల్సిందే. మా అమ్మాయి మారినప్పుడు మాకు డ్రైవ్ ముప్పావుగంట. కార్‌పూల్‌కి మరో రెండు కుటుంబాలు దొరికాయి కాబట్టి నెట్టుకొచ్చాం. వారంలో నా వంతు రోజున కార్లో ముగ్గురు పిల్లలు, తడిసిన షిన్‌గార్డుల వాసన, సీట్ల మధ్య కృత్రిమ గడ్డి నల్ల రబ్బరు రవ్వ. ఆ రవ్వ ఎంత వాక్యూమ్ చేసినా పోదు, ముందే చెబుతున్నా. మీ వైపు నుంచి ఆ టీమ్‌కి వెళ్లేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని మేనేజర్‌ని అడగండి. ఎవరూ లేకపోతే మాత్రం నా జవాబులో మార్పు ఉండదు.

దగ్గరే ఉంటే మిగిలిన గంటలో పాప పెరట్లో గోడకి బంతి కొట్టుకుంటుంది. ఈ వయసులో కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందన్నదే ముఖ్యం.

కోచ్ విషయానికొస్తే, ట్రైఅవుట్ (సెలక్షన్) రోజు చూసి నిర్ణయించకండి, ఆరోజు అందరూ మంచివాళ్లే. మామూలు ప్రాక్టీస్ రోజున వెళ్లి ఫెన్స్ బయట నిలబడండి. ఒక పిల్ల తమ గోల్ దగ్గర బంతి పోగొట్టుకున్నప్పుడు కోచ్ ఏం చేస్తాడో ఒక్కటే చూడండి. మా అమ్మాయి చిన్న క్లబ్ కోచ్ ఒకావిడ ఉండేది. అలాంటప్పుడు ఆట ఆపి, అందర్నీ ఎక్కడివాళ్లని అక్కడే నిలబడమనేది. ఆ పిల్లని "బంతి నీ దగ్గరికి వస్తున్నప్పుడు నీ వెనక ఎవరున్నారు?" అని అడిగేది. పిల్లకి తెలియదు. "సరే, మళ్లీ" అని అదే పాస్ మళ్లీ ఇప్పించేది. ఈసారి పిల్ల బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూసి, ఒక్క టచ్‌లో పక్కకి తిప్పేది. అంతే, ఒక్క మాట తిట్టకుండా ఆట మళ్లీ మొదలు. అదే సాయంత్రం పక్క గ్రౌండ్‌లో ఇంకో కోచ్ అదే పరిస్థితిలో "కొట్టెయ్, బయటికి కొట్టెయ్" అని గొంతు చించుకుంటున్నాడు. ఆ టీమ్ ఎక్కువ మ్యాచ్‌లు గెలిచేది, నిజమే. రెండేళ్ల తర్వాత బంతిని కాలి దగ్గర పెట్టుకోవడానికి భయపడే పిల్లలు మాత్రం ఆ టీమ్‌లోనే ఎక్కువ.

వీలైతే ఒక మ్యాచ్‌కి కూడా వెళ్లి బెంచ్ వైపు కూర్చోండి. ఎవరు ఎంతసేపు ఆడుతున్నారు, బయటికి వచ్చిన పిల్లతో కోచ్ ఏమైనా మాట్లాడుతున్నాడా, లేక ముఖం కూడా చూడకుండా పంపేస్తున్నాడా గమనించండి. 11 మంది ఆటకి రోస్టర్‌లో (టీమ్ జాబితాలో) ఎంతమందిని పెట్టుకుంటున్నారో అడగండి. 22 మంది ఉండి, మ్యాచ్ రోజుకి 18 మందినే తీసుకునే చోట కొందరు పిల్లలు ఫీజు కట్టి మరీ ఇంట్లో ఉంటారు. కోచ్ లైసెన్స్ ఏ గ్రేడో తెలుసుకోండి, కానీ దాన్నిబట్టే తేల్చేయకండి. వచ్చే ఏడాది కూడా ఇదే కోచ్ ఉంటారా అన్నది దానికంటే ముఖ్యం.

మీ పాప అక్టోబర్ పుట్టుక అన్నారు కదా, దాని గురించి ఎవరైనా చెప్పారో లేదో. 2026-27 సీజన్ నుంచి యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్ఓ అనే యూత్ సాకర్ సంస్థలు మూడూ పుట్టిన సంవత్సరం లెక్క వదిలేసి ఆగస్టు 1 నుంచి జూలై 31 లెక్కకి మారుతున్నాయి, స్కూల్ తరగతులతో కలిసేలా. అంటే 2013 ఆగస్టు తర్వాత పుట్టిన మీ పాప వచ్చే ఏడు కూడా అండర్-13లోనే ఉంటుంది. ఇప్పుడు తనతో ఆడుతున్న జనవరి-జూలై పిల్లలు అండర్-14కి వెళ్లిపోతారు. ఇన్నాళ్లూ గ్రూపులో చిన్నదిగా ఉన్న పిల్ల ఒక్కసారిగా పెద్దవాళ్లలో ఒకతె అవుతుంది. కాబట్టి రెండు క్లబ్బుల్నీ అడగాల్సింది "కొత్త లెక్క ప్రకారం ఈ టీమ్‌లో ఎవరు మిగులుతారు?" అని. మీరు ట్రైఅవుట్‌లో చూసి మెచ్చుకున్న టీమ్ ఆగస్టుకి అదే టీమ్ కాకపోవచ్చు. పైగా ఈ మార్పు వల్ల పెద్ద క్లబ్ మొదటి టీమ్‌లోనే ఖాళీలు రావచ్చు, అదీ అడిగి చూడండి. ఆఫర్ మొదటి టీమ్‌కి మారితే అప్పుడు మళ్లీ ఆలోచించాల్సిన విషయమే.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. వెబ్‌సైట్‌లో కనిపించే ఫీజు మొదటి ముక్క మాత్రమే. యూనిఫామ్ కిట్, టోర్నమెంట్ ఫీజులు, కోచ్ ప్రయాణ ఖర్చులో వాటా వేరే. కొన్ని టోర్నమెంట్లలో వాళ్లు చెప్పిన హోటల్లోనే గది తీసుకోవాలి, దాన్ని స్టే టు ప్లే అంటారు, బయట చవకగా దొరికినా కుదరదు. మాకు ఈసీఎన్ఎల్‌లో ఫీజుకంటే విమానాలు, హోటళ్లే ఎక్కువయ్యాయి, షోకేస్‌లు (కాలేజ్ కోచ్‌లు చూడ్డానికి వచ్చే టోర్నమెంట్లు) ఆరిజోనాలోనో ఫ్లోరిడాలోనో పెడతారు. సంతకం పెట్టేముందు ఫీజు వాపసు నిబంధన చదవండి. దెబ్బ తగిలి సీజన్ అంతా ఆడకపోయినా మొత్తం కట్టాలని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది. ఇండియా ట్రిప్ కూడా ఇప్పుడే మాట్లాడేయండి. ప్రీసీజన్ జూలై ఆఖర్లోనో ఆగస్టు మొదట్లోనో మొదలవుతుంది. అమ్మమ్మగారింట్లో ఆగస్టు దాకా ఉండే అలవాటు ఇక సాగదు. శనివారం కూచిపూడి క్లాస్ సంగతీ అంతే, ఏదో ఒకటి కదపాల్సి వస్తుంది.

కాలేజ్ గురించి మీ వారు టెన్షన్ పడుతున్నారన్నారు. డివిజన్ 1 (కాలేజ్ ఆటల్లో పైస్థాయి) కోచ్‌లు అమ్మాయిలతో రిక్రూటింగ్ గురించి మాట్లాడటం మొదలుపెట్టేది సోఫమోర్ (పదో తరగతి) ఏడాది అయ్యాక జూన్ 15 నుంచి. మీ పాపకి అది 2030. వాళ్లు ఈసీఎన్ఎల్, గర్ల్స్ అకాడమీ షోకేస్‌లకే ఎక్కువగా వస్తారన్నది నిజం, కాబట్టి హైస్కూల్ మొదలయ్యే నాటికి లీగ్ పేరుకి విలువ వస్తుంది. అండర్-13 రెండో టీమ్‌లో ఏం చేసిందని ఎవరూ చూడరు. స్కాలర్‌షిప్ ఆశ ఉంటే ఇంకో మాట: ఐవీ లీగ్‌లోనూ డివిజన్ 3లోనూ ఆటకి స్కాలర్‌షిప్ అసలు ఇవ్వరు. డివిజన్ 1లో ఇచ్చినా చాలామందికి దక్కేది ఫీజులో కొంత భాగమే. మా అమ్మాయి డివిజన్ 3 వైపే చూస్తోంది, చదువు కూడా కావాలి కాబట్టి.

ఇంకొకటి అడగడం మర్చిపోకండి, మోకాలు. ఈ వయసు దాటాక ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగే ప్రమాదం అబ్బాయిలకంటే అమ్మాయిలకి బాగా ఎక్కువ. ఫిఫా 11 ప్లస్ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, క్రమం తప్పకుండా చేస్తే గాయాలు తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. ప్రాక్టీస్ చూడ్డానికి వెళ్లినప్పుడు మొదటి పావుగంట గమనించండి. ఒంటికాలి మీద దూకి నిలదొక్కుకోవడం లాంటివి చేయిస్తున్నారా, లేక రెండు రౌండ్లు పరిగెత్తించి వదిలేస్తున్నారా? కోచ్‌లందరికీ సేఫ్‌స్పోర్ట్ శిక్షణ (పిల్లలపై వేధింపులు జరగకుండా ఇచ్చేది), బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాయా అని కూడా మొహమాటం లేకుండా అడగండి.

48 గంటల గడువు గురించి మరీ కంగారు పడకండి. "మాకు ఆసక్తి ఉంది, ఒక ప్రాక్టీస్ చూసి ఆదివారం లోపు చెబుతాం" అని ఇవాళే మెయిల్ పెట్టండి. మాకు అలా అడిగితే ఇచ్చారు. పాపని కూడా అడగండి, కానీ "ఏ క్లబ్ కావాలి?" అని కాదు, అలా అడిగితే స్నేహితులు ఎక్కడుంటే అక్కడ అంటుంది. "ఏ కోచ్ దగ్గర తప్పు చేస్తే నీకు భయం వేయదు?" అని అడిగి చూడండి. చివరికి పెద్ద క్లబ్‌కి వద్దని చెప్పాలనుకుంటే మెయిల్‌తో సరిపెట్టకుండా కోచ్‌కి ఫోన్ చేసి, డ్రైవ్ వల్ల ఈ ఏడు కుదరడం లేదని మర్యాదగా చెప్పండి. వచ్చే ఏడో ఆపై ఏడో పాప మళ్లీ ఆయన ముందే ట్రైఅవుట్‌కి నిలబడాల్సి రావచ్చు.