బండ్లే లేని ఊళ్లలో కార్బన్ ఎక్కడిది?

మారుమూల ఊళ్లలో ఉండేవే నాలుగు బండ్లు, అక్కడ ట్రాన్స్‌పోర్ట్ వల్ల కార్బన్ ఏంటి అని అడిగారు కదా. మొత్తం లెక్క చూస్తే కరెక్టే, మన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క సాయంత్రం కాలే పెట్రోలు, డీజిల్‌కి అది ఏ మూలకీ రాదు. తేడా అంతా తలా ఎంత పడుతుంది అన్న దాంట్లో ఉంది.

లీటర్ డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటర్ బరువే కిలో లేదు, ఇంతెలా అంటే గాల్లో ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది. మా గల్లీకి గ్యాస్ బండోడు ఒక్క ట్రిప్పులో పాతిక ఇళ్లకి సిలిండర్లు దించి పోతాడు, అదే మన్ననూరు దాటి నల్లమల అడవి లోపలి చెంచు పెంటకి (చెంచుల గూడేనికి) జీపు పోవాలంటే మట్టి రోడ్డు, ఫస్టు సెకండు గేర్లే, మైలేజి పడిపోద్ది, పైగా వచ్చేటప్పుడు ఖాళీ. రానూపోనూ 60 కిలోమీటర్లు, లీటరుకి 10 అనుకుందాం, 6 లీటర్లు, అంటే 16 కిలోలు. ఎనిమిది మంది ఎక్కితే తలా 2, ఒక్క పేషెంట్ కోసం పోతే మొత్తం 16 ఆ ఒక్కరి ఖాతాలోనే.

కెనడా ఉత్తరాన ఐతే ఇంకా ఘోరం, కొన్ని ఊళ్లకి రోడ్డే లేదు, చలికాలంలో గడ్డకట్టిన సరస్సుల మీద లారీలు పోతాయి, అవి కరిగాక కూరగాయలు కూడా విమానంలోనే.

ఎలక్ట్రిక్ బండి పెడితే సరిపోదా అంటే, ఆ కెనడా ఊళ్లలో చాలా చోట్ల కరెంటే డీజిల్ జనరేటర్‌ది. నన్నడిగితే రేషన్, మందులు, పోస్టు అన్నీ ఒకే బండిలో పంపి ట్రిప్పులు తగ్గించడం ముందు చేయాల్సిన పని, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.